బొమ్మ దొరికింది

నదిలో చెత్త ఏరే పడవ మీద శవం అనే మాట ఎవరూ అనరు. అన్నారంటే వంతెన మీద జనం ఈగల్లా మూగుతారు. అందుకే వెనకటికి ఎవరో దానికి బొమ్మ అని పేరుపెట్టారు. "బొమ్మ దొరికింది" అని కేకేస్తే ఒడ్డున ఉన్న పనివాళ్ళకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

పడవ నడిపే సరంగు ఆ మాట అని చాలా రోజులైంది. మొన్నటి వరదలో, చిక్కుపడ్డ వల విడిపించబోయి అతని తమ్ముడు ఇదే పడవ మీంచి జారిపోయాడు. మనిషి జాడ లేదు. నగరం తాగి పారేసిన సీసాలు, తెగిన చెప్పులు, కాలు విరిగిన కుర్చీలు మాత్రం అడక్కుండానే దొరుకుతున్నాయి. వాటిని పారేసినవాళ్ళని సరంగు తిట్టని రోజు లేదు.

మరదలు ఒడ్డున షెడ్డులో ఆ చెత్తనే వేరుచేస్తుంది. తన మొగుడు గజ ఈతగాడనీ, ఎక్కడో ఒడ్డెక్కే ఉంటాడనీ అందరితో వాదిస్తుంది. కాదన్నవాళ్ళతో మాటలు మానేసింది. కాదనే ధైర్యం సరంగుకీ లేదు.

ఆ రోజు వలలో ప్లాస్టిక్ బొమ్మ పడింది. కళ్ళు రెండూ ఉన్నాయి, జుట్టు కూడా ఊడలేదు. తమ్ముడి కూతురు ఎన్నాళ్ళ నుంచో బొమ్మ కావాలని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. సరంగుకి సంతోషంతో ఒళ్ళు తెలియలేదు. ఒడ్డు చేరకముందే మరదలికి వినపడేలా కేకేశాడు.

"అమ్మాయ్, బొమ్మ దొరికింది!"

షెడ్డులో చప్పుడంతా ఆగిపోయింది. అప్పటికిగానీ తన నోట ఏం వచ్చిందో అతనికి తెలియలేదు.

మరదలు పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఉతికి మడతపెట్టిన దుప్పటి ఉంది, తమ్ముడు కప్పుకునేది. రోజూ ఆమె తెచ్చే సంచీలో అన్నం గిన్నె కింద ఉండేది అదేనని సరంగుకి ఇప్పుడు తెలిసింది. బతికే ఉన్నాడని లోకంతో పోట్లాడుతున్న మనిషి, అతని మీద కప్పడానికి రోజూ దుప్పటి తెచ్చుకుంటోంది.

పరుగులోనే ఆమె మడత విప్పేసింది. సరంగు చేతిలోది ఎత్తి చూపించాడు. ఆమె దాన్ని చూసి, చూసి, రేవు మెట్ల మీద కూలబడి మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. పడవ దిగి, పక్కన కూర్చుని అతనూ ఏడ్చాడు.

తర్వాత ఆమె లేచి దుప్పటి రెండు కొసలు అతని చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి మడతపెట్టారు.

"పాపకిద్దాం బావగారూ," అంది. "కానీ ఇంట్లో దాన్ని బొమ్మ అనకండి. ఇంకేదైనా పేరు పెడదాం."

దుప్పటి మళ్ళీ సంచీలోనే పెట్టుకుంది.