రంది లేని నాలుక

తెలుగు వలస కార్మికులుండే మరమగ్గాల పేట బమ్రోలిలో సోమలింగం మెస్సు పెట్టి మూడేళ్లయింది. అంతకుముందు ఇరవై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేశాడు. సముద్రం ఒడ్డున హజీరాలోని ఒక కంపెనీ క్యాంటీన్ మేనేజరు, శుక్రవారం మధ్యాహ్నం వచ్చి అతని పప్పుచారు రుచి చూస్తానని కబురు చేశాడు. నచ్చితే రోజూ నూట ఇరవై భోజనాలు. నచ్చకపోతే, ఇప్పటికే సగం ఖాళీగా ఉన్న మెస్సు మూసేసి, యాభై రెండేళ్ల వయసులో మళ్లీ మగ్గం దగ్గర నిలబడాలి.

ఆ కబురు విన్న నాటి నుంచి సోమలింగం నాలుకకు ఉప్పు తగలడం లేదు. అరచేతిలో చారు పోసుకొని నాకుతాడు. చప్పగా ఉంటుంది. ఇంకో పిడికెడు వేస్తాడు.

షిఫ్టు దిగి వచ్చిన మగ్గాల వాళ్లు లొట్టలు వేశారు. "సోమన్నా, గిట్లాంటి చారు ఊళ్లె గూడ తాగలే!"

రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో ఏసీ కింద కూర్చునే గుమాస్తా సురేశ్ మాత్రం మొదటి ముద్దకే నీళ్ల జగ్గు ఎత్తాడు. "ఏందన్నా, హజీరా సముద్రం తోడుకొచ్చినవా?"

అక్కడే భోంచేసే డాక్టరు హిమశ్రీ సోమలింగం నోరు తెరిపించి, ఫోను లైటు వేసి చూసింది.

"నోరెండిపోయింది అంకుల్. దిగులుతోని రంది పడితే ఉమ్మి తగ్గుతది. ఉప్పు అందుల కరిగితేనే గదా నాలుకకు తెలిసేది!"

"మరి మగ్గాలోళ్లు బాగుందంటున్నరు?"

"వాళ్ల ఒంట్ల ఉప్పు చెమటల పోయింది. వాళ్లకు ఎంతేసినా ఇష్టమే. చెమట పట్టనోళ్లతోని, రంది లేనోళ్లతోని రుచి చూపించుండ్రి."

రంది లేని మనిషి కోసం సోమలింగం గల్లీలన్నీ తిరిగాడు. ఒకరికి సేఠ్, ఒకరికి కొడుకు పదో తరగతి, ఒకరికి మోకాలు. చివరికి ముసలి రాజనర్సు దొరికాడు. ఇంట్లోకి వరద వస్తే మంచం కింద ఇటుకలు పెట్టించుకొని మళ్లీ పడుకున్న మనిషి. శుక్రవారం పొద్దున ఆయన్ను కూలరు ముందు కూర్చోబెట్టి, అరచేతిలో చారు పోశాడు.

"మామా, నా బతుకు నీ నాలుక మీదున్నది."

రాజనర్సు చెయ్యి ఆగిపోయింది. చారు నాకాడు, గుటక మింగాడు, పెదాలు తడుపుకున్నాడు.

"జర మంచినీళ్లియ్యిరా. నాకు... చప్పగనే ఉన్నది."

సోమలింగం ఉప్పు డబ్బా అందుకోబోయాడు. భార్య ముత్యం దాన్ని లాక్కుంది. అందరూ తిని లేచాక గానీ గిన్నె ముట్టని మనిషి, మూడేళ్లలో మొదటిసారి ముందుగా చారు నోట్లో వేసుకొని, తుపుక్కున ఉమ్మింది.

"నాలుగు దినాల సంది నీళ్లు కలుపుకొని తింటున్న. బమ్రోలంత తిరిగినవు, ఇంట్ల మనిషి కనపడలేదా?"

"నీకు రంది లేదానే?"

"నాకెందుకు? నువ్వు మగ్గం మీదికి పోతే నాకు వంద రొట్టెలు చేసుడు తప్పుతది."

కొత్త చారు ఆమె చేతుల మీదుగా అయింది. మేనేజరు మూడుసార్లు వేయించుకున్నాడు. "సోమవారం నుంచి పంపండి. ఉప్పు మాత్రం ఈమే వేయాలి" అని హిందీలో చెప్పి వెళ్లిపోయాడు.

"నూట ఇరవై మందా?" అంది ముత్యం, పొయ్యి దగ్గరే నిలబడి.

సాయంత్రం చారు మరుగుతుంటే అరచేతిలో పోసుకొని నాకింది. కాసేపాగి మళ్లీ నాకింది.

"ఏమయ్యో, నేను ఉప్పేసిన్నా?"