సెహరా పూలు పోయిన దారి

ముత్తుకూరులో కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు కమోడు కోసం ముందు నా అంగడికే వస్తారు. పైపులు, కమోడులు, సెప్టిక్ ట్యాంకుకు వేసే సిమెంటు వరలు అమ్ముతాను. సరుకుతో పాటు సలహా కూడా ఇస్తాను. దానికి వేరే ధర వేయను. సలహా మంచిదైతే మనిషి మళ్లీ వస్తాడు, దాని లాభం అదే. అలాంటి నా ఇంట్లోనే, పోర్టులో క్రేను నడిపే కొడుకు షాహుల్ పెళ్లయిన వారం తిరక్కముందే, బాత్రూంలో నీళ్లు కిందికి దిగడం మానేశాయి.

నా భార్య పోయినప్పటి నుంచి ఇంటి పెత్తనం మా అక్క జమాల్‌బీది. కొత్తకోడలు సాహిరా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుండగా, ఆ పిల్లకు వినపడేటట్టే అంది అక్క:

"టౌను పిల్ల గదా. దాంట్లో ఏమేం పడేస్తా ఉందో!"

కత్తి చప్పుడు ఆగింది.

కొత్తగా వచ్చిన మనిషి మీద మొదటి వారంలో పడిన మాట, పచ్చి సిమెంటు మీద పడిన అడుగు లాంటిది. ఆరిపోయాక ఎంత రుద్దినా పోదు.

"పెళ్లికి చుట్టాలందరూ మనింట్లోనే దిగినారు గదక్కా. ట్యాంకు నిండుంటుంది. ఆ పిల్లనెందుకు అంటావు?"

"అయితే యాసిడ్ పోస్తా ఉండు," అని సీసా తీసింది.

చేతిలోంచి లాక్కున్నాను. ట్యాంకులో మలినాన్ని కరిగించేవి కంటికి కనపడని పురుగులు. జీతం అడగని పనివాళ్లు. యాసిడ్ పోసి వాటిని చంపుకుంటే ట్యాంకు నిజంగానే నిండుతుంది.

ప్లంబరు గంగాధరాన్ని పిలిపించాను. గడ్డపారతో ట్యాంకు మూత పక్కకు జరిపి, లోపలి గాలి ప్రాణాలు తీసే రకం కాబట్టి ఇద్దరం దూరంగా నిలబడ్డాం. కాసేపటికి పొడుగు కర్ర దించి చూస్తే నీళ్లు ఉండాల్సిన మట్టంలోనే ఉన్నాయి, అడుగున పేరుకున్నదీ తక్కువే. బాత్రూం నుంచి ట్యాంకుకు పోయే దారిలో, గోడ పక్కనున్న ఛాంబర్ తొట్టి మూత ఎత్తితే లోపల పొడిగా ఉంది. అంటే అడ్డం బాత్రూముకూ ఛాంబర్‌కూ మధ్యలో ఉందన్నమాట.

"కడుపు బాగానే ఉందన్నా. గొంతులోనే ఏదో పట్టేసింది," అని గంగాధరం వెదురుబద్ద పైపులోకి దూర్చి, మెలితిప్పి లాగాడు.

దారపు ఉండ ఒకటి వచ్చింది. నల్లబడిన గులాబీ రేకులు, నానిన మల్లెలు, మధ్యలో వెండి తళుకు.

చూడగానే గుర్తుపట్టాను. పెళ్లిరోజు సాహిరా ముఖానికి తెరలా కట్టిన సెహరా పూలవి. గంగాధరం కూడా పెళ్లికి వచ్చినవాడే. ఉండను చూశాడు, నన్ను చూశాడు.

"ఏంది గంగాధరం అది?" వరండాలోంచి అక్క కేక వేసింది.

ఒకవైపు కోడలి పరువు, ఇంకోవైపు నా అంగడి పేరు. పోయిన పేరును మళ్లీ ఎట్లా సంపాదించుకోవాలో నాకు తెలుసు. ఆ పిల్లకు ఈ ఇంట్లో ఇంకా ఏమీ తెలియదు. ఉండను గోనెసంచిలో వేసి మూతి బిగించాను.

"పీచులే అక్కా. తప్పు నాదే. పైపుకు వాలు చాల్లేదు."

ఆ వాలు పెట్టింది గంగాధరమే. వేపాకు నమిలినట్టు ముఖం పెట్టి, "అవునక్కా, చాల్లా," అన్నాడు. పోతూ పోతూ నా చెవిలో, "నీతో పాటు నన్ను కూడా ముంచినావు గదన్నా," అన్నాడు.

మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చునే వేళకు అక్క ఫోనులో ఉంది. అవతల దొరవారిసత్రంలో ఉండే మా చిన్నమ్మ కూతురు.

"ఊరందరికీ పైపులమ్మే మారాజు, ఆయన ఇంట్లో పైపుకే వాలు లేదంట!" అక్క సంతోషం చెప్పనలవి కాదు.

నాకు అన్నం వడ్డిస్తున్న సాహిరా గరిటె కింద పెట్టింది.

"పైపుది తప్పు కాదత్తమ్మా. నాది."

అక్క ఫోను చెవి దగ్గర్నుంచి దించింది గానీ కట్ చెయ్యలేదు.

"సెహరా పూలు కాలికింద పడితే మొగుడికి కీడంట, పారే నీళ్లల్లో వదలమని మా నానమ్మ చెప్పి పంపింది. కొత్తకోడలు గడప దాటగూడదంటిరి మీరు. పారే నీళ్లు ఇంట్లో నాకు... అదొక్కటే కనపడింది. రోజూ కొంచెం కొంచెం వదిలినా."

నాకు నవ్వు పొంగుకొచ్చింది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు చూశాక నోట్లోనే అణిగిపోయింది.

"మామ లాగినప్పుడు కిటికీలోంచి చూసినా. పోయుంటాయనుకున్నా, అంతా మురికిలో కలిపేసినా. ఆయన పోర్టులో అంతెత్తు క్రేను ఎక్కుతాడు గదా మామా. ఆయనకేమన్నా అయితే? పొద్దున్నుంచీ అదే భయం."

చెయ్యి కడుక్కుని ఆ పిల్లను పెరట్లోకి పిలుచుకుపోయాను. అక్క ఫోనుతో సహా వెనకే వచ్చింది.

"ఇటు చూడు తల్లీ. ఇంట్లోంచి వచ్చింది ఈ ట్యాంకులో కాసేపు నిలుస్తుంది. బరువైంది అడుగుకు దిగుతుంది. తేటనీళ్లు అదుగో, ఆ ఇంకుడు గుంతలోకి పోతాయి. మనది ఇసుక నేల. వడకట్టుకుంటా వడకట్టుకుంటా ఉప్పుటేటికి, ఆడ్నుంచి సముద్రానికి పోతాయి. నువ్వు వదిలింది పారే నీళ్లల్లోనే. కాకపోతే ఇవి నిదానంగా పారతాయి."

"మరి దారం?"

"దారం నా సంచిలో ఉంది. దాన్ని పోనీకుండా పట్టుకోవడమే మా పని."

సాహిరా ట్యాంకు మూత వంక చూస్తూ నిలబడింది. "ఎన్నాళ్లకు చేరతాయి మామా?"

సరుకు ఎప్పుడు చేరుతుందో గట్టిగా చెప్పడం నాకు అలవాటే.

"మీరిద్దరూ ముసలోళ్లయ్యే లోపల," అన్నాను.

ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది.

అక్క చేతిలో ఫోను "అక్కా, ఉండావా? ఎవరో ఏడస్తా ఉండారేంది?" అంటూనే ఉంది. అక్క కోడలిని ఎగాదిగా చూసి, ఫోను చెవిన పెట్టుకుంది.

"ఏం లేదు లేవే, ఉల్లిపాయలు. ఆఁ, వీడి పైపుదే తప్పు. ఎంత చెప్పినా వినడు గదా." కట్ చేసింది. కొంగుతో సాహిరా ముఖం గట్టిగా, దాదాపు కొట్టినట్టే తుడిచింది. "పిచ్చిదానా, నన్నడిగితే నేను తీసుకుపోనా ఏటికి? పో, చెప్పులేసుకొనిరా. ఏ నీళ్లు యాడ పోతాయో చూద్దువు గానీ."

ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. తర్వాత అంగడి తెరిస్తే మొదటి బేరమే, "వాలు సరిపోతుందా అన్నా, మీ ఇంట్లో మాదిరి కాకుండా?" అంటూ వచ్చింది. సరిపోతుందని చెప్పి పైపు కొలిచి ఇచ్చాను.