సాన్ రోక్కో వెనకడుగు వెయ్యడు

ఆగస్టు పదహారున, సాన్ రోక్కో పండగనాడు, ఆ కొండ ఊళ్ళో భక్తి పొద్దున గంటలతో పొంగి, మధ్యాహ్నం భోజనాలకి చల్లారి, సాయంత్రం బ్యాండు మొదలవగానే మళ్ళీ పొంగుతుంది. మిగతా ఏడాదంతా దాని జాడ ఉండదు. ఇది రొజారియా అభిప్రాయం. అభిప్రాయాలు కడుపులో దాచుకునే మనిషి కాదు ఆవిడ.

ఈ ఏడు మాత్రం ఆ పండగ ఆవిడకి కావలసి వచ్చింది, మొగుడు వీతో కోసం. నలభై ఒక్క ఏళ్ళు, ఊరిని కాచే పునీతుడు సాన్ రోక్కో విగ్రహం మోతకర్రకి ముందు వరసలో కుడి భుజం ఆనించినవాడు వీతో. మార్చిలో ఆలివ్ కొమ్మలు నరుకుతూ నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి మంచమే. మంచాన పడ్డవాళ్ళ ఇంటిముందు ఊరేగింపు ఆగి, విగ్రహాన్ని వాళ్ళ కిటికీ వైపు తిప్పి, ఒక పరలోక జపం చెప్పేంతసేపు నిలపడం ఆ ఊరి ఆచారం. ఎంతమంది కిటికీలకో విగ్రహాన్ని తిప్పిన వీతో ఇప్పుడు తన కిటికీకి ఎదురుచూస్తున్నాడు. జూన్ నుంచి రోజులు లెక్కపెడుతున్నాడు.

పండక్కి వారం ముందు చర్చి తలుపు మీద కాగితం అంటించారు. ఊరేగింపు ఈసారి కింది వీధికి రాదట, పై వీధిలో పోతుందట. కింది వీధి ఇరుకుట. తాతల కాలంనుంచీ ఇరుకు కాని వీధి, పండగ కమిటీ పెద్ద దోన్ జెర్వాసియో పై వీధిలో బాల్కనీ కట్టించుకోగానే ఇరుకైపోయింది. ఆ బాల్కనీలో బిషప్పుగారి దగ్గరనుంచి వస్తున్న పెద్ద ఫాదర్, మాన్సిన్యోరుని కూర్చోబెట్టాలని ఆయన ముచ్చట. మునిసిపాలిటీలో ముప్పై ఏళ్ళు ముద్రలు కొట్టి రిటైరైన మనిషికి దోన్ అన్న గౌరవం ఎవరిచ్చారో ఎవరికీ తెలీదు. బహుశా ఆయనే ముద్ర కొట్టుకుని ఉంటాడు.

రొజారియా నేరుగా వాళ్ళింటికి వెళ్ళింది.

"చూడమ్మా రొజారియా, భద్రత ముఖ్యం," అన్నాడు జెర్వాసియో, బాల్కనీలో పూలకుండీలు సర్దుకుంటూ.

"ఎవరి భద్రతయ్యా? పై వీధికి రాతి తోరణం కిందనించి పోవాలి. విగ్రహం అందులోంచి ఒరుసుకుంటూ గానీ పట్టదు. మా వీధి దానికి రెండింతలుంది."

"కమిటీ తీర్మానించింది."

"కమిటీ అంటే నువ్వూ, నీ బావమరిదీ, మీ ఇద్దరి మాటకీ తలాడించే ఆ బ్రెడ్డు దుకాణం వాడూ. మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తాడు. ఏం చెప్పమంటావ్?"

"సాన్ రోక్కో ఎక్కడున్నా దీవిస్తాడని చెప్పు."

"అయితే నీ బాల్కనీ దాకా రావడమెందుకు? చర్చిలోనే ఉండి దీవిస్తాడుగా!" అని విసురుగా వచ్చేసింది.

తరవాత విగ్రహం మోసేవాళ్ళని పట్టుకుంది. ఎనమండుగురూ బార్లో పేకాడుతున్నారు. అందరూ వీతో నేస్తాలే. వీతో ద్రాక్షసారా ఏళ్ళ తరబడి తాగినవాళ్ళే. ఐదు నెలల్లో ఒక్కడూ ఆ గడప తొక్కలేదు. వీతో చోట్లోకి వచ్చిన సవేరియో అయితే, ఆవిణ్ణి చూడగానే పేకముక్కల్లోకి మొహం దూర్చేశాడు.

"వదినా, మాకు మాత్రం రావాలని ఉండదా," అని నీళ్ళు నమిలాడు. "కానీ కమిటీ మాట కాదంటే వచ్చే ఏడు మోత ఎవరికిస్తారో ఏమో."

"నాలుగు క్వింటాళ్ళ చెక్కబొమ్మని మోస్తారు గానీ ఒక్క మాట మొయ్యలేరు. థూ, మీ భుజాలు తగలెయ్య!"

వీతోకి ఈ సంగతేదీ చెప్పలేదు. పండగనాడు గడ్డం గీసింది, మోసేవాళ్ళు కట్టుకునే ఎర్ర నడికట్టు కట్టింది, కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. "బ్యాండు దగ్గరపడితే కేకెయ్యి," అంది. వంటింట్లోంచి గడ్డి కుర్చీ ఒకటి తీసుకుని పెరటి గుమ్మంలోంచి జారుకుంది.

సాన్ రోక్కో చర్చి దాటాక మళ్ళీ చర్చి చేరేదాకా వెనకడుగు వెయ్యకూడదు. వేస్తే ఆ ఏడు ద్రాక్ష కుళ్ళిపోతుందని ఊరంతటికీ భయం. విగ్రహం నేలకి తగలనూ కూడదు. ఈ రెండింటిలో ఏ తప్పుకీ తెగించేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు, జెర్వాసియోతో సహా. రొజారియాకి ఇలాంటి నమ్మకాల మీద ఏనాడూ నమ్మకం లేదు. ఊరికి ఉంది, అది చాలు.

వీధులు చీలే చోట, రాతి తోరణం కింద, కుర్చీ వేసుకు కూర్చుంది.

బ్యాండు వచ్చి ఆగింది. వెనక విగ్రహం ఆగింది. జెర్వాసియో మెళ్ళో కమిటీ పట్టీ ఊగుతుండగా పరుగెత్తుకొచ్చాడు.

"లేమ్మా! ఏంటీ వేషాలు?"

"కాళ్ళు నొప్పులయ్యా. కాసేపు కూర్చుంటా."

"ఎంతసేపు?"

"చీకటిపడేదాకా. తొందరైతే ఎత్తి పక్కన పెట్టు. అదిగో, మాన్సిన్యోరు నీ బాల్కనీలోంచి చూస్తున్నాడు. ముసలిదాన్ని ఎలా ఈడుస్తావో ఆయనా చూస్తాడు."

జెర్వాసియో తలెత్తి బాల్కనీ వైపు చూసి, చాచిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. విగ్రహం వెంట వచ్చిన ఊరి ఫాదర్ జపమాల పూసలు లెక్కపెట్టుకోసాగాడు. మోతకర్రల కింద ఎనమండుగురి మెడనరాలు ఉబ్బాయి, చెమట కారిపోతోంది. దించడానికి లేదు, వెనక్కి వెళ్ళడానికి లేదు.

"దోన్ జెర్వాసియో, భుజాలు పడిపోతున్నాయండీ!" అని మూలిగాడు సవేరియో.

"సరే ఏడవండి, కింది వీధికే తిప్పండి!" అన్నాడు జెర్వాసియో. ఎనమండుగురూ ఒక్క గంతులో తిరిగారు. ఇరుకు వీధిలో విగ్రహం రాజాలా సాగిపోయింది.

రొజారియా అడ్డదారిన పరుగెత్తి, ఆయాసంతో వచ్చి వీతో వెనక నిలబడింది. సాన్ రోక్కో కిటికీ వైపు తిరిగాడు. వీతో విగ్రహాన్ని చూడనే లేదు, కింద మోసేవాళ్ళ తలలు చూస్తున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"చూశావుటే? ఒక్కడూ గడప తొక్కలేదని ఎన్ని తిట్లు తిట్టావు! ఆగారా లేదా నాకోసం? నన్నిలా చూడలేక ఇన్నాళ్ళూ రాలేదే వెర్రిమొహాలు. నాకు తెలుసు, నా వాళ్ళు."

కింద సవేరియో తలెత్తి ఆవిడకేసి చూశాడు. మిగతావాళ్ళూ చూశారు. ఐదు నెలలుగా పోగుచేసుకున్న మాటలన్నీ రొజారియా నాలుక చివర ఉన్నాయి. ఒక్కటి జారితే చాలు, ఆ ఎనమండుగురూ జన్మలో వీతోకి మొహం చూపించలేరు. మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం చిన్నపిల్లాడి భుజంలా ఎగిరెగిరి పడుతోంది.

"అవునయ్యా," అంది, కింద అందరికీ వినబడేలా. "నీకోసమే వచ్చారు. నేనే నోరు పారేసుకున్నాను."

సవేరియో తల దించుకున్నాడు. పరలోక జపం అయిపోయింది. అయినా వాళ్ళు కదల్లేదు. జెర్వాసియో రెండుసార్లు చప్పట్లు కొట్టి పిలిచినా, వీతో చెయ్యి ఊపి పొమ్మనేదాకా ఆ బరువు కింద అలాగే నిలబడ్డారు.