గమ్జాకి పెట్టిన గడువు

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఓక్‌బున్‌ని చేరదీసిందెవరో తెలుసా? సాక్షాత్తూ ఆడపడుచు! పోయిన మొగుడికి అక్క, పిల్సూన్. కొరియాలోని దేగు నగరంలో తొమ్మిదో అంతస్తు ఇల్లు ఆవిడది. ఆవిడ నోటికి దడవనివాళ్లు ఆ అపార్ట్‌మెంట్లలోనే లేరు. అయినా రెండు నెలలుగా వేళకి గంజి కాచి, చారు పెట్టి, స్నానానికి నీళ్లు తోడి ఇస్తున్న చెయ్యి కూడా ఆవిడదే. పొద్దున్న లేవగానే ఓక్‌బున్ ఆవిడకి మనసులోనే ఒక దండం పెట్టుకునేది. పైకి పెడితే తిట్లు తప్పవు మరి.

అలాంటి ఇంట్లోకి కుక్కపిల్ల! బియ్యప్పిండి మిఠాయిల కొట్టావిడ పలకరించడానికి వచ్చి, తన కుక్క ఈనిన పిల్లల్లో మిగిలిపోయిన బక్కదాన్ని తెచ్చి ఓక్‌బున్ ఒళ్లో పెట్టింది. అచ్చం బంగాళాదుంపలా ఉందని దానికి ఆ దుంప పేరే, గమ్జా అని పెట్టేశారు. అది ఆ ఒళ్లోనే నిద్రపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఓక్‌బున్ నవ్వడం అదే మొదలు.

"దీన్ని పూటపూటకీ కిందికి దింపేదెవరే? కర్ర పట్టుకుని నువ్వా? ఈ నడుముతో నేనా?" అంది పిల్సూన్. "చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టే రోజు దాకా చూస్తా. ఆలోగా ఇంట్లో ఒకే చోట పోయడం నేర్చుకుందా, సరే. లేదంటే మా పిన్ని కొడుకు ఊరికి పంపించేస్తా. వాడు పెరట్లో కట్టేసుకుంటాడు."

"నేర్పిస్తాను వదినా. మీ కాళ్లు పట్టుకుంటా."

"నా కాళ్లెందుకు, ముందు నీ కాలు బాగుచేసుకో."

బాల్కనీ గుమ్మం పక్కన ప్లాస్టిక్ ట్రే పెట్టారు. షాపులో అమ్మే, తడి పీల్చే గుళికలు అందులో పోస్తే ఆ మహాతల్లి వాటిని కరకరా నమిలేసింది. దాంతో ఓక్‌బున్ పాత పేపర్లు పరిచి, పైన చింపిన ముక్కలు వేసింది. గమ్జా నిద్ర లేచినా, తిన్నా, ఆడి అలిసినా ఎత్తుకెళ్లి ట్రేలో దించేది. పసిపిల్లలకి అన్నట్టు "ష్ష్... ష్ష్..." అంటూ పక్కన కూర్చునేది. ముక్కలు మార్చినప్పుడల్లా వాసన పోకుండా తడిసిన ముక్కొకటి ఉంచేది. పని కానిస్తే ఉడికించిన చిలగడదుంప ముక్క నోట్లో పెట్టేది. మొదటి వారం సోఫా కింద, పిల్సూన్ చెప్పుల్లో, అబ్బో, చెప్పకూడదు! రెండో వారానికి కాస్త దారికొచ్చింది. మూడో వారం తనంతట తానే తోకాడిస్తూ వెళ్లి ట్రేలో నిలబడింది. ఓక్‌బున్‌కి కళ్లు చెమర్చాయి. దాన్ని ముద్దాడి, "బతికించావే తల్లీ" అంది.

నవంబరు చివర్లో కిమ్చీ రోజు రానే వచ్చింది. పక్కిళ్ల ఆడవాళ్లు ముగ్గురు సాయానికి వచ్చారు. ఉప్పులో ఊరిన క్యాబేజీలు, కారం కలిపిన బేసిన్లు, ఉల్లికాడల కట్టలు. నేల పాడవకుండా హాలంతా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పాత పేపర్లు పరిచారు. ఏటా చేసే పనే. ఓక్‌బున్ కూడా స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఒక్కరికైనా తట్టలేదు చూడండి!

గమ్జా నిద్ర లేచి హాల్లోకి వచ్చింది. ఎటు చూసినా పేపర్లే. సంబరంగా నడిమధ్యకి వెళ్లి, రెండు చుట్లు తిరిగి, ఉల్లికాడల పక్కనే పని కానిచ్చింది. ఆపైన దుంప ముక్క కోసం తలెత్తి ఓక్‌బున్ వైపు చూసింది.

"అయ్యయ్యో, ఉల్లికాడలు!" అని ఆడవాళ్లు కెవ్వుమన్నారు. కారం అంటిన గ్లౌజులతో పిల్సూన్ లేచి నిలబడింది.

ఓక్‌బున్ స్టూలు మీంచి లేచింది. కర్ర పట్టుకుని, గమ్జాని చంకన పెట్టుకుని తన గదిలోకి వెళ్లింది. దాని గిన్నె, తువ్వాలు సంచిలో సర్దసాగింది. ఇంత చేసిన మనిషికి ఎదురు చెప్పే మొహం తనకెక్కడుంది? వెనకే పిల్సూన్ వచ్చి మోచేత్తో తలుపు మూసింది.

"ఏంటే ఆ సంచి?"

"గడువు అయిపోయింది కదా వదినా. దీన్ని పంపించేద్దాం."

"నోర్ముయ్. దానికి పేపరు మీద పొయ్యమని నేర్పింది నువ్వు. ఇల్లంతా పేపర్లు పరిచింది నేను. మధ్యలో దానిదేం తప్పు? ప్లాస్టిక్ పట్టా పరవమని వాళ్లకి చెప్పేసి వచ్చా." ఆగి, గొంతు బాగా తగ్గించింది. "నువ్వొచ్చిన మూడో రోజు పరుపు తడిపావు. తలుపేసుకుని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టావు. నాకు తెలీదనుకున్నావా?"

ఓక్‌బున్ సిగ్గుతో చచ్చిపోయింది.

"పరుపు మీద దుప్పటి జారుతోందని మర్నాడు దాని కింద రబ్బరు షీటు వేశా చూడు. దుప్పటి జారకుండా ఎవరైనా రబ్బరు వేస్తారటే, పిచ్చిదానా? అప్పుడు నిన్ను పంపించేశానా?"

మూడు నెలలు! ఈ నోరు లోకంలో అందరి గుట్టూ రట్టు చేస్తుందే, ఓక్‌బున్ గుట్టు మాత్రం, తనకి తెలుసన్న సంగతి ఆమెకి కూడా తెలియనివ్వకుండా దాచింది. ఓక్‌బున్ సంచి వదిలేసి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. కన్నతల్లి కూడా తనని ఇంత భద్రంగా చూసుకోలేదనిపించింది.

"వదులే, కారం చేతులు! ఇప్పుడు ఏడిస్తే నీ కళ్లు తుడవడానికి కూడా పనికిరావు" అంది పిల్సూన్.

ఓక్‌బున్ వదల్లేదు.