జన్మలో సిగరెట్ ముట్టని మనిషి

డాక్టర్ జోస్నా రోజూ ముక్కూమొహం తెలియని మగవాళ్లను రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎన్నేళ్లుగా తాగుతున్నారు, రోజుకు ఎన్ని సిగరెట్లు. తక్కువ రేడియేషన్‌తో సీటీ స్కాన్ తీసి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముదరకముందే పట్టుకోవడం ఎలాగన్నది ఆమె పరిశోధన.

ఆ రెండు ప్రశ్నలూ ఆమె అడగలేని మనిషి ఒక్కడే, సొంత మామగారు. సుందరయ్య ఎల్బీనగర్ చర్చిలో సంఘ పెద్ద. భోజనమయ్యాక మేడ మీద వాటర్ ట్యాంకు నిండిందో లేదో చూడటానికి వెళ్తాడు. సాయంత్రం మళ్లీ చూస్తాడు. కన్నపిల్లల చదువు మీద కూడా ఆయన అంత శ్రద్ధ పెట్టలేదు. దిగి వచ్చేసరికి అత్తగారు రెబెక్క యాలకులు పట్టుకొని మెట్ల దగ్గర నిలబడి ఉంటుంది.

"నాన్న తాగడు," అంటాడు జోస్నా మొగుడు బెన్నీ. డిగ్రీ చదివేటప్పుడు తండ్రి జేబులోంచి కొట్టేసి తాగడం నేర్చుకున్నది అతనే.

ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసని పైకి అంటే మర్యాద పోతుంది. ఊపిరితిత్తులు పోతే ఫర్వాలేదు.

ఎలాగైనా ఆయన్ను మిషన్లో పడుకోబెట్టాలని జోస్నా తాము ఉండే అపార్ట్‌మెంటులోనే క్యాంపు పెట్టించింది. స్కాన్ వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. ప్రార్థన చేసి ప్రారంభించమని మామగారిని పిలిచి, శాలువా కప్పి, తన టేబులు పక్కనే కూర్చోబెట్టింది. యాభై దాటి, ఏళ్ల తరబడి గట్టిగా తాగినవాళ్లకే ఉచితమని బోర్డు రాయించింది.

జనం అందులో ఉచితం అన్న ముక్క చదివారు. మొదట వచ్చినవాడు అసోసియేషన్ సెక్రటరీ మహేష్. బడంగ్‌పేటలో ప్లాట్లు అమ్ముతాడు. ఎవరైనా బీడీ వెలిగిస్తే లిఫ్టులో నోటీసు అంటిస్తాడు. భార్య అరుణను సాక్షిగా వెంటబెట్టుకొచ్చాడు.

"ముప్పై ఏండ్ల సంది తాగుతున్న మేడం. రోజుకు ఇరవై."

"ఇరవై ఐదు," అంది అరుణ. "తక్కువ చెప్పకు."

"పొద్దున మొదటిది ఎప్పుడు తాగుతరన్నా?" అడిగింది జోస్నా.

"పదకొండుకు. టిఫిన్ అరిగినంక."

సుందరయ్య కుర్చీలో కదిలాడు. చాలాసేపు ఓర్చుకున్నాడు పాపం.

"ఏంది మహేష్, ఇరవై తాగేటోడు పదకొండు దాక ఆగుతడా? కండ్లు తెరవకముందే చెయ్యి దిండు కిందికి పోతది. మొదటి దమ్ము పడందే కాలు కింద పెట్టబుద్ధి కాదు."

"నేను అనేది గదే సార్," అన్నాడు మహేష్. "దిండు కిందనే."

"దిండు కవరు గూడ కాలింది మేడం," అంది అరుణ.

పెద్దమనిషికి ఇవన్నీ ఎట్ల తెలుసని మొగుడికీ పెళ్లానికీ అనుమానం రాలేదు. వాళ్ల మనసంతా స్కాను మీదే ఉంది.

"మీకు అవసరం లేదన్నా," అని జోస్నా వాళ్లను పంపేసింది. తర్వాత గొంతు తగ్గించింది. "మామయ్యా, ప్రారంభించినోళ్లే ముందుగాల పడుకుంటే జనానికి ధైర్యమొస్తది."

సుందరయ్య శాలువా సర్దుకున్నాడు. "జనం కోసమైతే సరే."

"ఎన్నేండ్ల సంది?"

ఆయన ఫ్యాను వంక చూశాడు. "ముప్పై ఎనిమిది."

"రోజుకు?"

"పది," అన్నాడు. "ఉపవాస ప్రార్థన ఉన్న రోజు ఆరే."

రిపోర్టు మర్నాడు వచ్చింది. జోస్నా ఆయన పక్కన కూర్చుని చెప్పింది. "కుడిపక్క పైన చిన్న మచ్చ ఉంది మామయ్యా. పాత టీబీ మచ్చనే కావచ్చు. మూడు నెలలకు మళ్లీ తీస్తేగాని తెల్వది. వేరేదైనా సరే, గింత చిన్నగున్నప్పుడు తీసెయ్యొచ్చు. మీరు మళ్లీ రావాలె."

ఆయన జవాబు చెప్పేలోపు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మహేష్ మెసేజ్ పడింది. ముప్పై ఏండ్లు తాగినోనికి స్కాన్ లేదంట, జన్మల సిగరెట్ ముట్టని పెద్దమనిషికి ఫ్రీ అంట, ఎందుకంటే డాక్టరు కోడలంట. కింద వరుసగా బొటనవేళ్లు. పై అంతస్తు ఆయన, దేశం ఇట్లనే నాశనమైందని రాశాడు.

జోస్నాకు ఒళ్లు మండి టైపు చేయబోయింది. సుందరయ్య ఆమె ఫోను మీద అరచెయ్యి పెట్టాడు.

"ఊకో బిడ్డా. కోడలి పలుకుబడి వాడుకున్నడనే అనుకోనీ. సంఘంల గా మాటకు మర్యాద ఉంటది." మెసేజ్ ఇంకోసారి తృప్తిగా చదువుకున్నాడు. "మూడు నెలలకు ఒస్తా. అప్పుడు గూడ ఇట్లనే రాయుమను."