చూడని వాన

ఆ ఏడు మే నెలలో మా ఆయన తొమొజో ఒక పేరు పోగొట్టుకున్నారు.

క్యోటో పక్కనున్న ఉజిలో మాది తేయాకు కలిపే ఇల్లు. ఏ తోట ఆకులో ఏ తోట ఆకు ఎంత కలపాలో ఆయన ముక్కుకే తెలుసు. కలిపిన టీకి పేరు పెట్టేదీ ఆయనే. క్యోటోలో టీ విద్య నేర్పే ఒరియె గారు ఏటా తన ఖాళీ జాడీ మాకు పంపేవారు. మేలైన ఆకును మూడు చిన్న కాగితం సంచుల్లో కట్టి, ఒక్కోదాని మీద పేరు రాసి, చుట్టూ మామూలు ఆకు నింపి, మూతికి కాగితం అంటించి ఇచ్చేవాళ్లం. నవంబరులో అతిథుల ముందు ఆమె ఆ కాగితం కోసి జాడీ తెరిచేవారు.

ఆ రోజు రెండు సంచుల మీద ‘దేవదారు గాలి’, ‘తెల్ల కొంగ దారి’ అని రాశారు. మూడోది కట్టి, ఆకు బస్తాకి ఆనుకుని కునుకు తీశారు. నేను భోజనానికి పిలిచేసరికి ఉలిక్కిపడి లేచారు.

“ఎంత పని చేశావే చిసే! కలలో ఎవరో ఈ టీ తాగి పేరు చెప్పారు. నీ కేకకి కాస్తా ఎగిరిపోయింది.”

“అయితే దాన్నే వెతుక్కోండి. అన్నం పిల్లికి పెడతాను.”

ఆయన నవ్వలేదు. మూడు రోజులు చూసి, ఆ సంచిని పేరు లేకుండానే జాడీలో పెట్టారు. దొంగపేరు రాయడానికి చెయ్యి రాలేదట.

వేసవంతా మనిషి సగం ఇక్కడ, సగం ఆ కలలో ఉన్నట్టే తిరిగారు. వేణ్ణీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి పెదవులు కదిపేవారు. నది మీద పొగమంచు లేచే ఉదయాల్లో వంతెన మధ్య నిలబడిపోయేవారు. చెయ్యి పట్టుకుంటే చిన్నపిల్లాడిలా వెంట వచ్చేసేవారు. నాకు లోపల గుచ్చుకునేది. ఆ పూట ఇంకాసేపు పడుకోనిస్తే నా సొమ్మేం పోయేది?

“ ‘నీటి పొగ’ అన్నారేమో?” అని అడిగాను ఒకసారి.

“కాదు. కానీ అదీ ఇంత మెత్తగానే ఉండేది.”

నవంబరులో ఒరియె గారు మా ఇద్దరినీ పిలిచారు. ముఖ్య అతిథి మిఠాయిల కిసబురో గారు. జాడీతో వచ్చిన చీటీ మీద రెండు పేర్లు, వాటి పక్కన ఖాళీ చూసి ఆయన కళ్లు మెరిశాయి.

“ఈ పేరు లేని పిల్లనే పిలవండమ్మా.”

మేము భోంచేస్తుంటే వంటింట్లో ఆ ఆకును పొడి చేసే తిరగలి చప్పుడు దూరాన ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది. తరవాత చిక్కటి పచ్చటి టీ ఒకే గిన్నెలో ఒకరి చేతినుంచి ఒకరికి వచ్చింది. ముందు చేదు. ఆ చేదు వెనకనుంచి తీపి, తొందరేం లేనట్టు వచ్చింది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

“ఈ టీ పేరు?” అన్నారు కిసబురో గారు, ఆనవాయితీ ప్రకారం.

ఒరియె గారు మా ఆయన వైపు చూశారు. ఆయన చాప మీదికి వంగిపోయారు.

“మరిచిపోయానమ్మా. ఆరు నెలలుగా వెతుకుతున్నాను. దొరకలేదు.”

ఒరియె గారు లేచి, కిటికీ తెర పైకెత్తారు. తోటంతా తడిసి ఉంది. వెదురాకుల చివర్ల నుంచి చుక్కలు రాలుతున్నాయి. పైన మాత్రం ఎండ.

“వాన పడిందా? ఎప్పుడు?” అన్నారు కిసబురో గారు.

“మీరు తాగుతుండగా వచ్చి వెళ్లిపోయింది. ఎవరూ చూడలేదు.” ఆమె కుంచె తీసుకుని చీటీలో ఖాళీగా ఉన్న చోట ‘చూడని వాన’ అని రాశారు. “తొమొజో గారూ, సరిపోతుందా?”

మా ఆయన ఆ అక్షరాలు ఆరేదాకా చూశారు. తల ఊపారు. కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు ఊరుకున్నాను.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. “కలలో విన్నది ఇదేనా?”

“కాదు. అదింకేదో. కానీ ఈ టీ పేరు మాత్రం ఇదే.” ఆయన ఆగి చుట్టూ చూశారు. “చిసే, ఆకలేస్తోంది.”

వీధి మలుపులో కాల్చిన చిలగడదుంప కొని, వేళ్లు కాలుతుంటే సగం సగం చేసుకుని, స్టేషను దాకా తింటూ నడిచాం.