మైకు మూసుకుని ఆడిన పిల్ల

పోతిరెడ్డిపల్లిలో ఆ ఆదివారం మధ్యాహ్నం శ్రీశైలం కూతురు నిషిత కంప్యూటర్ ముందు ఒక తుపాకుల ఆట ఆడుతోంది. ఆ ఆట గురించి టీవీలో వారం రోజులుగా వాదనలే. అందులో కథ ప్రకారం చేతిలో ఆయుధం లేనివాళ్లను కూడా కాల్చవచ్చు. మొన్నమొన్నటిదాకా కొన్నవాళ్లే ఆడేవాళ్లు. ఇప్పుడు జట్టుగా ఆడే భాగాన్ని కంపెనీ ఉచితంగా వదిలింది. పిల్లలు పాడైపోతారని కాలనీ పెద్దలంతా అంటున్నారు. వారిలో ఒక్కరైనా ఆ ఆటను కళ్లారా చూశారా అన్నది శ్రీశైలం సందేహం.

అతను పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ సూపర్‌వైజర్. ప్రమాదం జరిగితే ఎవరిని తిట్టాలని కాక, ఎట్లా జరిగిందని ముందు అడిగే మనిషి. కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చున్నాడు.

"గోడ వెనక ఎవరున్నరో నీకెట్ల తెలుస్తది బిడ్డా?"

"అడుగుల సప్పుడు వినాలె డాడీ. ఇగో, నువ్వే ఆడు" అంటూ హెడ్‌ఫోన్లు తండ్రి చెవులకు పెట్టింది.

శ్రీశైలం ఆటలో రెండు నిమిషాల్లో నాలుగుసార్లు చచ్చాడు. నవ్వొచ్చింది. ఆట బాగుందని కూడా అనిపించింది.

"వీళ్లంత ఎవరు?"

"మన పటాన్‌చెరు దిక్కోళ్లే. ఒక గ్రూపు పెట్టుకున్నరు."

"అందరు మాట్లాడుకుంటున్నరు గద, నువ్వెందుకు మాట్లాడ్తలేవు?"

నిషిత తండ్రి వైపు ఒక క్షణం చూసింది. శబ్దం బయటికి వినిపించేలా పెట్టి, మైకు తెరిచి, "ఎడమ దిక్కు ఇద్దరున్నరు" అంది. అంతే.

"అరే, ఆడపిల్లరా" అని ఎవరో నవ్వారు. "పోయి రొట్టెలు చేస్కో" అన్నాడు ఇంకొకడు. ఆ తర్వాత వచ్చినవి ఇక్కడ రాయదగిన మాటలు కావు. శత్రువులను వదిలేసి సొంత జట్టువాళ్లే ఆమెను కాల్చారు. అందరికంటే గట్టిగా తిట్టిన గొంతు శ్రీశైలానికి తెలుసు. రోజూ పొద్దున "నమస్తే సార్" అనే గొంతు అది. తన ఫ్యాక్టరీలోనే మిషన్ నడిపే శ్రావణ్‌కుమార్‌ది.

"రోజు గిట్లనేనా?"

"మాట్లాడిన రోజు గిట్లనే. అందుకే మైకు బందు పెడ్త."

సోమవారం టీ వేళ శ్రావణ్‌ను పక్కకు పిలిచాడు. "నిన్న నేను గూడ మీ ఆట సూసిన. ఎడమ దిక్కు ఇద్దరున్నరని చెప్పింది నా బిడ్డ."

శ్రావణ్ ముఖం పాలిపోయింది. "తప్పయింది సార్. మీ బిడ్డ అని తెల్వక అన్న."

"తెలిస్తే అనకపోదువు. మరి తెల్వనోళ్ల బిడ్డనైతే అనొచ్చా?"

శ్రావణ్ తల దించుకుని, "ఇంటికొచ్చి చెల్లెకు తప్పయిందని చెప్త సార్" అన్నాడు.

సాయంత్రం ఆ మాట విని నిషిత అడ్డంగా తలూపింది. "ఇంటికెందుకు? అందరు వినంగ తిట్టిండు. అందరు వినంగనే చెప్పుమను."

మరుసటి ఆదివారం ఆట మొదలయ్యే ముందు శ్రావణ్ గొంతు వినిపించింది. "పోయినవారం ఈడ ఒక చెల్లెను తిట్టిన. తప్పు నాది. ఇగ ఎవరు తిట్టినా నేను ఊకోను." ఒకడు ఎగతాళి చేశాడు. ఇద్దరు ఆట వదిలి వెళ్లిపోయారు. అప్పుడు సన్నని గొంతొకటి వినిపించింది.

"పోయినవారం మాట్లాడిన అక్కా, నేను గూడ అమ్మాయినే. మొదటిరోజు సంది ఆడుతున్న."

"నేను గూడ" అంది మరొక గొంతు.

నిషిత ఆశ్చర్యంగా తండ్రి వైపు తిరిగింది. ఇన్నాళ్లూ ఒకే జట్టులో పక్కపక్కన నడిచిన ఆడపిల్లలు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా నోరు మూసుకుని ఆడారు.

ఆ సాయంత్రం కాలనీ సమావేశంలో ఆటను ఆపించాలని అర్జీ రాస్తున్నారు. శ్రీశైలం లేచి నిలబడ్డాడు. "అర్జీ రాయుండ్రి, ఆయుధం లేనోళ్లను కాల్చుడు నాకు గూడ నచ్చలే, సంతకం పెడ్త. కాని ఆ తిట్లు ఆట నేర్పలే, మన ఇండ్లల్లకెళ్లే పోయినయి. తెర అవతల ఉన్నది గూడ ఒక మనిషే అని ముందు మన మగపిల్లలకు మనం నేర్పాలె."